భవానీదేవి కట్టించుకున్న కారు

తెల్లారి కాఫీలు కలపగానే భవానీదేవి వీధి అరుగు మీద కూర్చునేది. ఆమె పక్కన పెట్టిన గ్లాసుల్లో పొగలు కక్కే కాఫీ చిటికెలో తాగే వేడికి దిగేది. భర్త ధర్మరాజు ఓ గ్లాసు తీసుకుని పేపరు పట్టుకుని దూరంగా జరిగేవాడు, దగ్గరుంటే పేపరు నిలవదు కనక. తలంటుకున్న రోజైతే అత్తగారు సత్యనారాయణమ్మ జుట్టు విరబోసుకుని కోడలికి వీపు పెట్టి కూర్చునేది. ఎండెక్కేక వడియాల చాపల దగ్గర కాసేపు. ఆ తర్వాత అటక కింది గదిలో కుర్చీ వేసుకుని పొద్దువాలే దాకా అక్కడే. పైన వెదురు అటక మీద కొబ్బరికాయలు కురిడీ అవుతూ ఉండేవి. లోపలి నీళ్ళు ఇంకిపోయి, గుండు ఎండి, కదిపితే లొటలొటలాడే కురిడీకి మామూలు ఇళ్ళలో ఏడాది దగ్గర పడుతుంది. ధర్మరాజు ఇంట్లో మూడు నాలుగు నెలల్లో అయిపోయేది. కింద భవానీదేవి ఉంది కదా మరి.

ఆమె చుట్టూ ఎప్పుడూ గాలి వీస్తూ ఉండేది. చల్లగా, పెదాలకి కాస్త ఉప్పగా తగిలే గాలి.

అది తొంభై ఆరు తుఫానుది. ఆ రాత్రి ఊళ్ళో కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా విరిగేయి. పెంకులు లేచిపోయేయి. భవానీదేవి కూతురు యామినిని పక్కకి అదుముకుని వంటింటి గుమ్మం పట్టుకుని కూర్చుంది. మర్నాటికి గాలి ఆగింది. ఊరంతా ఆగింది గానీ ఆమె దగ్గర ఆగలేదు. తుఫాను పోతూ పోతూ ఇంత ముక్క ఇక్కడ మరిచిపోయిందన్నారు చూసినవాళ్ళు. అందరికీ ఏదో ఒకటి పోయింది, ఈవిడకొకటి మిగిలిందిలే అనుకుని ఎవరి పెంకులు వాళ్ళు ఏరుకోవడానికి వెళ్ళిపోయేరు. కరెంటు స్తంభాలు లేచేదాకా వీధిలో పిల్లల్ని తెచ్చి ఆమె పక్కన పడుకోబెట్టేవారు.

ధర్మరాజు తోట మొత్తం పడిపోయింది. చెట్లు పోయినవాడు ఏం చేస్తాడు? పక్క ఊళ్ళలో మిగిలిన కాయ కొని అటకకెక్కించి కురిడీ చేసి అమ్మడం మొదలెట్టేడు. భార్య గాలి పుణ్యమా అని ఇల్లు మళ్ళీ నిలబడింది. ఆ మొదటి ఏడాది భవానీదేవికి కూడా తృప్తిగానే ఉండేది, కూలిన కొంపకి తను కప్పు మోసే నిట్రాడ అయినందుకు. కానీ నిట్రాడ కదలకూడదు. ఆ సంగతి ఆమెకి మెల్లిగా తెలిసింది.

ఓసారి అమలాపురం బస్సెక్కితే కండక్టరు చేతిలో టిక్కెట్లన్నీ లేచి కిటికీల్లోంచి వరిచేలల్లోకి పోయేయి. పాపం ఆయన దిగి గట్లమ్మట పరిగెత్తి ఏరుకుని వచ్చి, చేతులు జోడించి, "ఇంకెప్పుడూ మా బస్సు ఎక్కకు తల్లీ" అన్నాడు. మిగతా కండక్టర్లకీ చెప్పేడు. స్కూటరు మీద ఎక్కించుకుంటే బండి కాలవ వైపు లాగేసేది. దాంతో నడిచి వెళ్ళగలిగినంత మేరే ఆమెకి లోకమైపోయింది.

రెండువేల సంవత్సరం వేసవిలో అంబాజీపేట నుంచి అమ్మిరాజుగారు వచ్చేరు. పెద్ద కొబ్బరి వ్యాపారి. వస్తూ వస్తూ ఆత్రేయపురం పూతరేకులు తెచ్చేరు. ఆయన, ధర్మరాజు అరుగు మీద మాట్లాడుకుంటుంటే భవానీదేవి గుమ్మం లోపల నిలబడి విన్నది.

"వానాకాలం ముసురులో కాయ బూజు పట్టిపోతోందండి," అన్నారు అమ్మిరాజుగారు. "ఆ నాలుగు నెలలూ అమ్మగారు మా గోడౌన్లో కూర్చుంటే చాలండి. ఇంకేం చెయ్యక్కర్లేదు. టేకు కుర్చీ చేయించేను. పరుపు వేయించేను."

"ఆయ్. దానికేముందండి," అన్నాడు ధర్మరాజు.

అమ్మిరాజుగారు కారెక్కి వెళ్ళిపోయేక భవానీదేవి బయటికొచ్చింది. "ఏవండీ, ఆయనకి మాటిచ్చేరు. నన్నడిగేరా?"

ధర్మరాజు చెడ్డవాడేమీ కాదు. నిజంగానే ఆశ్చర్యపోయేడు. "అడగడానికేముంది భవానీ? ఇక్కడ కూర్చునేది అక్కడ కూర్చుంటావు. అంతేగా."

ఆమె కొంగు టపటపా కొట్టుకుంది. "నేను సముద్రం చూసి రావాలి," అంది.

"సముద్రమే వచ్చి మనల్ని చూసి వెళ్ళింది కదే. మళ్ళీ మనం చూడ్డం దేనికి?"

"వైజాగు వెళ్తాను. మూడు రోజులుండి వస్తాను. ఒడ్డున ఊరికే ఉంటాను."

ధర్మరాజుకి వేరే భయం పట్టుకుంది. ఈ గాలి ఎక్కడి నుంచి వచ్చిందో ఆ చోటికి తీసుకెళ్తే మళ్ళీ వెనక్కి వస్తుందా? ఆ మాట పైకి అనలేదు. "వెళ్ళు. నేనేమన్నా కాదన్నానా? బస్సుకి వెళ్ళు," అన్నాడు.

"నన్ను బస్సెక్కనివ్వరని మీకు తెలుసు. కారు కట్టించండి."

"కారా?" ధర్మరాజు నవ్వేడు. "కారు అద్దెకి తీసుకున్నారంటే పెళ్ళన్నా అయుండాలి, ప్రాణం మీదకన్నా వచ్చుండాలి. మనం ఎందులో లెక్క?"

"నేను మూడోదానికి వెళ్తాను."

వారం రోజులు ఆ ఇంట్లో ఇదే గొడవ. ఇంటరు పరీక్షలు రాసి కూర్చున్న యామిని తల్లి పక్షం. "నాన్నా, అమ్మ ఈ మూడేళ్ళలో అంబాజీపేట దాటలేదు. కారు తప్ప దారేముంది?" అనేది కంచం ముందు. సత్యనారాయణమ్మ కొడుకు పక్షం. భర్త పోయిన దగ్గర్నుంచి ఆవిడకి నిద్ర పట్టేది కాదు. కోడలికి గాలి వచ్చేకే కంటినిండా పడుకుంటోంది. రోజూ ఆమె కాళ్ళ దగ్గర చాప వేసుకునేది. "కార్లూ గీర్లూ మన ఇంటా వంటా లేవు. సముద్రం ఏం చేసిందో అప్పుడే మరిచిపోయేవా?" అనేది.

వీధిలో వాళ్ళూ తలో మాట అన్నారు. పక్కింటి వీరాయమ్మ అయితే గోడ మీంచి అడిగేసింది. "ఏమ్మా భవానీ, మగాడు తోడు లేకుండా ఆడాళ్ళు కారు కట్టించుకుని తిరగడవేంటమ్మా? నలుగురూ ఏవనుకుంటారు?"

"నలుగురూ నా దగ్గర కూర్చుని చల్లబడ్డవాళ్ళే కదండీ," అంది భవానీదేవి. "ఏం అనుకోవాలో వాళ్ళకే తెలుస్తుంది."

అమ్మిరాజుగారి మనిషి వచ్చి కుర్చీ గోడౌన్లో వేయించేసేరని చెప్పి వెళ్ళిన రోజు పొద్దున్న ఆమె అటక కింది గదిలోకి వెళ్ళలేదు. జరీ అంచు చీర కట్టుకుని గొడుగు వేసుకుంది. గొడుగు వెనక్కి తిరగబడింది. దాన్ని అరుగు మీద పడేసి ఎండలోనే అంబాజీపేట సెంటరుకి నడిచింది.

ట్యాక్సీలు ఆగేచోట పాక నీడలో డ్రైవర్లు పేకాడుతున్నారు. ఆమె దగ్గరికి రాగానే ముక్కలన్నీ లేచి రోడ్డు మీద పడ్డాయి. డ్రైవర్లలో మత్తయి పెద్దవాడు, నెమ్మదస్తుడు. ముక్కలు ఏరుకుని జేబులో పెట్టుకుని వచ్చేడు.

"ఏంటమ్మగారండి?"

"మత్తయి గారూ, వైజాగు రావాలి. మూడు రోజులక్కడే ఉండాలి."

"ఆయ్. ధర్మరాజు గారు చెప్పేరాండి?"

"నేను చెప్తున్నాను."

మత్తయి తల గోక్కున్నాడు. తన అంబాసిడరు వైపు చూసేడు, ఆమె కొంగు వైపు చూసేడు. "దారిలో అద్దాలు ఎత్తి ఉంచాలాండి, దించాలాండి?"

ఇలా చేస్తే నీకు బాగుంటుందా అని ఎవరైనా ఆమెని అడిగి ఎన్నాళ్ళయిందో. భవానీదేవికి కళ్ళు చెమర్చేయి. "అన్నీ దించండి," అంది.

మర్నాడు తెల్లవారేసరికి కారు వాకిట్లో ఆగింది. యామిని సంచులు సర్దింది. ధర్మరాజు గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. కోపమూ భయమూ కలిసి ఆయన మొహం కందిపోయింది.

"నా మాట కాదని వెళ్తున్నావన్న మాట."

"మీ మాటే విన్నానండి. వెళ్ళు, నేనేమన్నా కాదన్నానా అన్నారు."

"అద్దె ఎవరిస్తారు?"

"మూడేళ్ళు కురిడీ ఆరబెట్టేను. ఆ జీతంలో కోసుకోండి."

ధర్మరాజు చివరి అస్త్రంగా ఇంటి వైపు చెయ్యి చూపించేడు. "పోనీ, అమ్మ సంగతేంటి? మూడు రాత్రులు ఆవిడ నిద్ర లేకుండా పడుండాలా? నీకు దయ లేదా?"

భవానీదేవి తడబడింది. గేటు మీద చెయ్యి వేసి నిలబడిపోయింది.

అప్పుడు లోపల్నుంచి సత్యనారాయణమ్మ వచ్చింది. చేతిలో వైరుబుట్ట, భుజం మీద తువ్వాలు. అందరినీ దాటుకుని వెళ్ళి కారు వెనక తలుపు లాగబోయింది. రాకపోతే మత్తయి వచ్చి తీసేడు. ఎక్కి కూర్చుని, చీర సర్దుకుని, కొడుకు వైపు చూసింది.

"నా నిద్ర గురించి నువ్వు బేరాలాడకురా. అది ఎక్కడికి వెళ్తే నేనక్కడికి వెళ్తాను. గేటు తియ్యి."

ధర్మరాజు గేటు తీసేడు.

రావులపాలెంలో అరటిగెలల బళ్ళు దాటుకుని కారు గౌతమి వంతెన ఎక్కింది. నాలుగు అద్దాలూ దించి ఉన్నాయి. కింద ఇసక తిన్నెల మధ్య వేసవి గోదావరి సన్నగా పారుతోంది. నది మీంచి వచ్చే గాలి ఒకవైపు, భవానీదేవి గాలి ఒకవైపు. కారులో చీరల అంచులు, జడలు, మత్తయి అద్దానికి కట్టుకున్న జపమాల, అన్నీ ఒకేసారి లేచేయి. యామిని పకపకా నవ్వింది. వంతెన అవతల జొన్నాడలో మత్తయి కారు ఆపి టీ తాగుతానంటే, భవానీదేవి దిగి వెనక్కి తిరిగి చూసింది. కోనసీమ నదికి అటు పక్కన ఉండిపోయింది. ఏళ్ళ తరబడి ఆమె లోపలే ఉండి చూసిన పచ్చదనం బయట్నుంచి ఒక గీతలా ఉంది.

"ఏమ్మా, బెంగా?" అంది సత్యనారాయణమ్మ.

"కాదత్తయ్యగారూ. ఇంతేనా అనిపిస్తోంది."

తుని దాటేసరికి ముసలావిడ నోరు తెరుచుకుని నిద్రపోయింది. ఇంట్లో కూడా ఎన్నడూ అంత గాఢంగా పడుకోలేదు.

వైజాగులో సముద్రానికి ఎదురుగా ఉన్న ఓ లాడ్జిలో దిగేరు. సాయంత్రం ముగ్గురూ ఒడ్డుకి వెళ్ళేరు. భవానీదేవి చెప్పులు విడిచి తడి ఇసకలోకి నడిచింది. మొదటి కెరటం పాదాలు తాకగానే ఆమె కొంగు ఒక్కసారి సముద్రం వైపు బిగుసుకుని నిలబడింది, అవతలి కొసని ఎవరో పట్టుకున్నట్టు. ఆమెకి అర్థమైంది. అది వెళ్తానంటోంది.

అటక గుర్తొచ్చింది. అటక నిండా పచ్చికాయ. అప్పు చేసి కొన్న కాయ. ధర్మరాజు మొహం గుర్తొచ్చింది. కొంగు గుప్పిట్లోకి లాక్కుంటే ఆగేదేమో. ఆమె చెయ్యి లేచింది కూడా.

"నన్నెవరూ అడగలేదు," అంది నీళ్ళతో. "నేను నిన్నడుగుతున్నాను. ఉంటే ఉండు, పోతే పో."

కొంగు వదులై భుజం మీద పడింది. పడి అలాగే ఉండిపోయింది. ఒడ్డున పిల్లల గాలిపటాలు ఎగురుతున్నాయి, బఠానీలమ్మేవాడి దీపం రెపరెపలాడుతోంది. ఆమె చుట్టూ మాత్రం ఆకు కదిలే పాటి గాలి కూడా లేదు. మెడ మీద ఏదో పాకినట్టయితే తడిమి చూసుకుంది. చెమట. మూడేళ్ళలో మొదటిసారి పట్టిన చెమట. వేలికి అంటిన ఆ తడిని ఆమె చాలాసేపు చూసుకుంది.

"అమ్మా, పోయిందా?" యామిని దగ్గరికొచ్చి అడిగింది.

"పోయింది."

సత్యనారాయణమ్మ ఇసకలో చతికిలబడి కాళ్ళు చాపుకుంది. "పోనీలే. అదేమన్నా మన పెరట్లో పుట్టిందా."

తర్వాతి రెండు రోజులూ భవానీదేవి ఏమీ చెయ్యలేదు. చెమటలు కక్కుకుంటూ మొక్కజొన్న పొత్తులు తింది. అందరి మధ్యా కూర్చుంది. ఎవరూ ఆమె దగ్గరికి జుట్టు ఆరబెట్టుకోవడానికి రాలేదు. ఎవరి పేపరూ ఎగిరిపోలేదు. బయల్దేరే రోజు పొద్దున్న మాత్రం ఒక్కతే ఒడ్డమ్మట నడిచింది, ఊరికే, కాళ్ళు ఎటు తీసుకెళ్తే అటు. కాస్త దూరం పోయేక చెవి దగ్గర వెంట్రుక కదిలింది. సముద్రం గాలేమో అనుకుని ఆగింది. ఆగగానే అదీ ఆగింది. మళ్ళీ నడిచింది. కొంగు లేచింది. అదే ఉప్పటి చల్లదనం. ఆగింది. పోయింది. పరిగెత్తింది. ఆ వయసులో, ఆ చీరతో, వైజాగు ఒడ్డున, ఎవరు చూస్తారన్న ధ్యాస లేకుండా పరిగెత్తింది. గాలి ఆమెకంటే ముందు ఉరికింది.

లాడ్జి మెట్ల మీద కూర్చున్న సత్యనారాయణమ్మ అంతా చూసింది. కోడలు ఆయాసపడుతూ రాగానే, "ఇంటికెళ్ళేక వాడికి చెప్పకు. వాడే తెలుసుకుంటాడు," అంది.

"మీ నిద్ర, అత్తయ్యగారూ?"

"నేను పోయేక చేసేది ఆ పనేగా. ఇప్పట్నుంచీ తొందరెందుకు?"

ఇంటికొచ్చిన మర్నాడే అమ్మిరాజుగారు కబురంపేరు. భవానీదేవి భర్త వెంట గోడౌనుకి నడిచింది. దారిలో ఆమె కొంగు ఎగురుతూ ఉండడం చూసి ధర్మరాజు ప్రాణం కుదుటపడింది. పోలేదు. ఉంది.

గోడౌన్లో కప్పుదాకా కాయ. మధ్యలో టేకు కుర్చీ, దాని మీద ఎర్రపరుపు. అమ్మిరాజుగారు తువ్వాలుతో దులిపి మరీ చూపించేరు. "కూర్చోండమ్మగారూ."

ఆమె కూర్చుంది. గాలి ఆగిపోయింది.

అందరూ కాసేపు ఎదురుచూసేరు. ఉక్కపోత. అమ్మిరాజుగారి లాల్చీ వీపుకి అతుక్కుంది. ధర్మరాజు తలుపులు మూసి చూసేడు, తెరిచి చూసేడు. కుర్చీని తూర్పుకి తిప్పించేడు.

"ఏంటమ్మగారూ, రావట్లేదేం?" అన్నారు అమ్మిరాజుగారు.

"కూర్చోమన్నారు, కూర్చున్నానండి. అది నాతో పాటు వస్తుంది గానీ, కూర్చోబెడితే కూర్చోదు."

ఆమె లేచింది. లేవగానే గోడౌన్లో కొబ్బరిపీచు సుడి తిరిగింది. గుమ్మం దాటి, గేటు దాటి, కాలవగట్టు రోడ్డెక్కి దక్షిణంగా నడవడం మొదలెట్టింది. ధర్మరాజు వెనకే పరిగెత్తేడు.

"భవానీ, ఆగు."

"ఆగితే ఆగిపోతుందండి."

ఆయన ఆమె వెనకే నడిచేడు. నడుస్తుంటే చొక్కా ఆరింది. ముందు తిట్టేడు, తర్వాత అటక మీద కాయ గురించి చెప్పేడు, బాకీ గురించి చెప్పేడు. "మిగతావాళ్ళ కాయ ఏడాదికి ఎండట్లేదా? మనదీ ఎండుతుంది," అందామె, వెనక్కి తిరక్కుండానే. భార్య వెనక నడవడం ఆయనకి అదే మొదటిసారి. ముందు ఆమె భుజం కదులుతోంది. గట్టు పక్క అరటాకులు ఒక్కొక్కటే తలలూపుతున్నాయి.

"ఎక్కడిదాకా?" అని అడిగేడు, చాలాసేపటికి.

"ఓడలరేవు దాకా."

"సముద్రం దాకానా? మొన్ననేగా చూసేవు."

"అది వైజాగు సముద్రం. మనది చూడలేదు."

"అంత దూరం నడుస్తావా ఏంటి?"

"కాళ్ళున్నంతవరకూ నడుస్తాను. మీకు ఓపిక లేకపోతే ఇంటికెళ్ళండి."

ఎండ నెత్తిమీదికొచ్చింది. ధర్మరాజు రోడ్డు వైపు చూసేడు, భార్య పాదాల వైపు చూసేడు. అమ్మిరాజుగారి గోడౌను వెనక ఎక్కడో ఉండిపోయింది. "ఇక్కడే ఉండు," అనబోయి ఆగి, మాట మార్చేడు. "కాస్త ఈ చెట్టు కింద ఉంటావా? వస్తాను." సెంటరు వైపు వెనక్కి నడిచేడు.

భవానీదేవి చెట్టు కింద నిలబడింది. గాలి లేదు. చెమట కారుతోంది. తుడుచుకోలేదు.

మత్తయి కారు వచ్చి ఆగింది. ధర్మరాజు వెనక సీట్లో ఉన్నాడు, కిటికీ పక్క చోటు ఆమెకి వదిలి లోపలికి జరిగి కూర్చున్నాడు. ఆమె ఆ తలుపు దగ్గరికి రాలేదు. ముందు తలుపు తీసుకుని డ్రైవరు పక్కన కూర్చుంది.

"పోనివ్వండి మత్తయి గారూ," అంది.